రాజేశం రక్తం, సూరత్ ఐసు

సూరత్ వెళ్ళొచ్చానని చెబితే చాలు, చీరలెన్ని తెచ్చావని అడుగుతున్నారు. మా పిన్ని అయితే నా సంచీ కూడా వెతికింది. ఒక్క చీరా తేలేదు. నేను తెచ్చింది రక్తం. అదీ ఒకసారి పాడైతే, సిగ్గు విడిచి రెండోసారి అడిగి తెచ్చాను. సూరత్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు తెలిసింది ఆ రక్తం వెంట తిరిగిన దారి మాత్రమే. అదే చెబుతాను.

ముందు నా పని సంగతి చెప్పాలి, లేకపోతే ఈ ప్రయాణం పిచ్చిపని అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. ఒక రకం రక్త క్యాన్సర్‌లో కణం లోపల రెండు క్రోమోజోములు తెగి, ఒకదాని కొస ఇంకొకదానికి అతుక్కుంటుంది. ఆ తప్పుడు అతుకు దగ్గర ఉండకూడని ఒక ప్రోటీన్ పుడుతుంది. తెల్ల కణాలను పెరగమని, ఇంకా పెరగమని అది ఎగదోస్తూనే ఉంటుంది. మేము ఆ ప్రోటీన్‌లో చిన్న ముక్క తీసుకుని టైఫాయిడ్ క్రిమికి ఎక్కించాం. పాముకు కోరలు పీకినట్టు ఆ క్రిమికి ముందే జబ్బు చేసే శక్తి తీసేశాం. అది ఒంట్లోకి వెళ్తే ఒళ్ళు దానితో పోట్లాడుతుంది, ఆ పోట్లాటలో అది మోసుకొచ్చిన ముక్కను కూడా శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇదీ మా ఆశ. ఇప్పటికి ఎలుకల దాకా వచ్చాం. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే మీదేనే అక్కా అని మా తమ్ముడు వెక్కిరిస్తాడు.

ఎలుకలు నేర్చుకున్నాయి. కానీ వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలు నిజమైన రోగి కణాల్లో ఉన్న ప్రోటీన్‌ను పట్టగలవా? అది తేలాలంటే మేము ఎంచుకున్న అతుకే ఉన్న మనిషి కావాలి. ఆ రకం అరుదు. సూరత్‌లో ఒక డాక్టరు పంపిన రక్తం గొట్టంలో అది కనిపించింది. అతుకు చదవగలిగాం గానీ దారిలో ఎండకు కణాలన్నీ చచ్చిపోయాయి. తెల్ల కణం పగిలిందంటే దానిలోని రసాలే మా ప్రోటీన్‌ను నమిలేస్తాయి. కాబట్టి కణాలు బతికి రావాలి, చల్లగా రావాలి, మందు ఇంకా సోకకుండా రావాలి. ఆ రోగికి మాత్రలు మొదలుపెట్టడానికి ఇంకొన్ని రోజులే ఆగగలనని డాక్టరు ఫోనులో చెప్పాడు. ఈసారి కూడా రాకపోతే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం అన్నారు మా సారు. నాకసలే ముక్కు మీద కోపం. తెస్తానని చెప్పి ఐసు ఫ్లాస్కు చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

బొంబాయి దాటాక

బొంబాయిలో బండి మారాను. ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన మంజులాబెన్ అని ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమెది సూరత్‌లో అడాజన్. కూర్చోగానే డబ్బా తెరిచి థేప్లాలనే మెంతాకు రొట్టెలు, తియ్యటి మామిడికాయ పచ్చడి నా ఒళ్ళో పెట్టింది. పచ్చడి తియ్యగా ఉండటమేమిటని నేను మొహం చిట్లిస్తే ఆమె పడీపడీ నవ్వింది. మా ఊరి ఆవకాయ నాలుకకు రాస్తే ఈమె బండి గొలుసు లాగుతుందని మనసులో అనుకున్నాను.

ఫ్లాస్కులో ఏముందని అడిగింది. ఖాళీ అన్నాను. ఏం తెస్తావని అడిగింది. నా హిందీ అంతంత మాత్రం, అయినా ఉత్సాహం ఆగక క్రిముల మీద పనిచేస్తానని చెప్పేశాను. అంతే, ఆవిడ కాళ్ళు ముడుచుకుని కిటికీ వైపు జరిగింది. కాసేపయ్యాక తనే చెప్పింది. రెండేళ్ళ కిందట ప్లేగు అని ఊరంతా ఖాళీ అయినప్పుడు ఆమె బొంబాయిలో సొంత చెల్లెలింటికి పారిపోయిందట. చెల్లెలు తలుపు తియ్యలేదట. సూరత్ నుంచి వచ్చిందని ఆ మెట్ల మీదే కూర్చోబెట్టి టీ ఇచ్చి, తాగిన కప్పు పారేయమందట. ఇది చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నాకు జాలేసింది. ఈ ఊళ్ళో క్రిమి అన్న మాట ఎత్తేముందు ఆలోచించాలని కూడా అర్థమైంది. ఆ బుద్ధి నాకు నిలబడలేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

సూరత్

ప్లేగు ఊరని ముక్కుకు కట్టుకోవడానికి చేతిరుమాలు సిద్ధంగా పెట్టుకుని దిగాను. ఆ రుమాలు మొత్తం ప్రయాణంలో చెమట తుడుచుకోవడానికే పనికొచ్చింది. రోడ్లు ఊడ్చి ఉన్నాయి. టీ కొట్టువాడు నా చేతిలోని అరటితొక్క లాక్కుని డబ్బాలో వేశాడు, కింద వేస్తే జరిమానా తనమీద పడుతుందట. మా వీధిలో చెత్తకుండీ చుట్టూ చెత్త ఉంటుంది, కుండీలో ఆవు తల ఉంటుంది. ఒక్కసారి భయపడితే ఊరు ఇంత మారుతుందా అని రోషం కూడా వచ్చింది.

పొద్దున్నే లోచో తిన్నాను. శనగపిండిని ఆవిరిమీద ఉడికించి, పళ్ళెంలోకి చిదిమి, పైన నూనె, కారం, సేవు అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. దోక్లా లాంటి ఖమన్ చెయ్యబోయి జారిపోయిన పిండితో ఇది పుట్టిందని కొట్టువాడు గర్వంగా చెప్పాడు. తప్పును కూడా ప్లేటు మూడు రూపాయలకు అమ్ముకోగల ఊరు! పక్కనే పోంక్ అమ్ముతున్నారు. లేత జొన్న కంకులు కాల్చి రాల్చిన గింజలు. అరే, ఇవి మన ఊచబియ్యమే కదా అని పట్టరాని సంతోషం కలిగింది. మనం చేల గట్టు మీద కూర్చుని ఉత్తవే తింటాం, వీళ్ళు నిమ్మకాయ సేవు కలిపి తింటారు. ఒక పొట్లం రాజేశం ఇంటికని కట్టించుకున్నాను. రోగి పేరు రాజేశం.

డిండోలి

ఉధ్నా దాటి డిండోలిలోకి ఆటో తిరగ్గానే తెలుగు వినబడింది. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఒకామె ఇంకొకామెను మంచి కరీంనగర్ తిట్లు తిడుతోంది. పరాయి రాష్ట్రంలో తిట్టు కూడా చెవికి ఇంపుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. చుట్టూ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. అక్కడ మాట్లాడేవాళ్ళంతా గొంతు పెంచే మాట్లాడతారు, ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నా సరే.

రాజేశానికి నలభై ఉంటాయి. సిరిసిల్ల వైపు నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చాడట. కార్ఖానాలో అతని పని అతకడం. మగ్గం మీద ఒక బీము, అంటే పొడవాటి దుంగకు చుట్టిన నూలు, అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. మనిషి చిక్కిపోయాడు, ఎడమవైపు పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. లోపల బల్ల, అదే ప్లీహం, పెరిగింది. గోడకు ఆనుకుని కూర్చుని నాకు కుర్చీ వేయించాడు. నేను కిందే కూర్చున్నాను.

అతని భార్య సుగుణ పోంక్ పొట్లం అందుకుని, మందు తెచ్చారా అని అడిగింది. గడప దగ్గర చేరిన నలుగురు ఆడవాళ్ళూ నా ఫ్లాస్కు వైపే చూస్తున్నారు. మందు కాదు, రక్తం తీసుకెళ్ళడానికి వచ్చానని చెప్పాను. దేనికని అడిగింది. ఇదిగో, ఇక్కడే నాకు బుద్ధి నిలబడలేదు. టైఫాయిడ్ క్రిమి అని మొదలుపెట్టాను. గడప దగ్గరి ఆడవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు.

"జబ్బు పురుగును పట్టుకొచ్చి జబ్బు బాగ చేస్తరా?" అంది సుగుణ. "గీ ఊళ్లె పురుగు పేరు చెప్తె పిల్లలను చంకనేస్కొని బండ్లెక్కినం మేడం. మాకు గీ కథలు చెప్పకుండ్రి."

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి క్రోమోజోము అనలేదు. రాజేశం పని పట్టుకునే చెప్పాను. పక్కపక్కన ఉన్న రెండు బీముల పోగులు తెగి, దీని కొస దానికి అతుక్కుంటే ఏమవుతుందన్నాను. నేత మొత్తం ఖరాబవుతుందన్నాడు. నీ రక్తంలో జరిగింది అదేనన్నాను. ఆ క్రిమికి కోరలు తీసేశామని, ఆ తప్పు అతుకు ఎలా ఉంటుందో అది ఒంటికి చూపించే కూలీ మాత్రమేనని చెప్పాను. రాజేశం చాలాసేపు తన వేళ్ళవైపు చూసుకున్నాడు.

"ఇది నాకేమన్న పనికొస్తదా మేడం?" అన్నాడు.

వస్తుందంటే చాలు, చెయ్యి చాపేస్తాడు. "రాదు," అన్నాను. "ఎలుకల దగ్గరే ఉన్నాం. మనుషుల దాకా ఎప్పటికి వస్తుందో తెలీదు. నీకు డాక్టరు ఇచ్చే మాత్రలే మందు."

"సరే," అన్నాడు. "అబద్దం చెప్పలే. రేపు తీస్కోండ్రి."

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి రక్తం తీశాడు. రక్తం గడ్డకట్టకుండా మందు వేసిన గొట్టాలు రెండు, నిండుగా. ఆ రాత్రి నుంచే మాత్రలు మొదలుపెట్టమని చెప్పి వెళ్ళాడు. సంతోషంతో నాకు కాళ్ళు భూమ్మీద నిలవలేదు. బండికి ఇంకా టైముంది. తినకుండా పోతే ఊరుకోనని సుగుణ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రెండు రోజులు తియ్యటి పప్పు తిన్న నాలుకకు ఆ పచ్చిపులుసు అమృతం.

ఫ్లాస్కులో ఐసు కరుగుతోందని నేను గొణుగుతుంటే సుగుణ తమ్ముడు సమ్మయ్య లేచాడు. అతనిది కుల్ఫీ బండి. ఎండలు ముదురుతున్నాయని ఆ వారమే బండి బయటికి తీశాడు. ఐసు సంగతి తనకు వదిలేయమన్నాడు. బాగా చల్లగా ఉండాలి, రైలెక్కేదాకా కరగకూడదు అని మరీ మరీ చెప్పాను. అసలు కరగదని హామీ ఇచ్చాడు. నేను ఇంకో రొట్టె వేయించుకున్నాను.

ఉధ్నా ప్లాట్‌ఫారం

బండి కోసం నిలబడి, ఎందుకైనా మంచిదని ఫ్లాస్కు మూత తీశాను. గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఒకటి తీసి ఒంపితే రక్తం కదల్లేదు. రాయిలా గడ్డకట్టింది. ఐసులో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు!

కుల్ఫీవాళ్ళు చేసే పనే చేశాడు మహానుభావుడు. ఐసులో ఉప్పు గుప్పిస్తే అది నీళ్ళు గడ్డకట్టే చలికన్నా ఇంకా చల్లబడుతుంది, అందుకే పాలు కుల్ఫీ అవుతాయి. పాలైతే కుల్ఫీ అవుతాయి. రక్తం గడ్డకడితే కణాలన్నీ పగిలిపోతాయి. కరిగాక చూస్తే ఎర్రటి నీళ్ళు. రెండు గొట్టాలూ అంతే. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే సమ్మయ్యను నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను, నిన్న నీళ్ళ ట్యాంకరు దగ్గర విన్న కొత్తవి కూడా కలిపి. నా కళ్ళముందే బండి వచ్చింది, వెళ్ళింది.

ఉత్త చేతులతో పోయి మా సారు మొహం చూడటమా? నా వల్ల కాదు. ఫోను బూత్ నుంచి డాక్టరుకు చేశాను. ఇంకొక్క రోజు మాత్ర ఆగితే ప్రమాదమేమీ లేదన్నాడు, కానీ ఆ మాట రోగి ఒప్పుకుంటేనే అన్నాడు. ఈ పూట తను రాలేడు, రేపు పొద్దున వస్తాడు. రాజేశం మాత్ర వేసుకునేది మాత్రం ఈ రాత్రికే. ఆటో ఎక్కాను.

మళ్ళీ డిండోలి

దీపాలు పెట్టే వేళకు చేరాను. రాజేశం అన్నం తిని, మాత్ర అరచేతిలో పెట్టుకుని, సుగుణ ఇచ్చే నీళ్ళ కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఆగు ఆగమని గడప దగ్గరినుంచే అరిచాను. జరిగింది చెప్పి, మాత్ర రేపటిదాకా ఆపి మళ్ళీ రక్తం ఇమ్మని అడిగాను. సమ్మయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సుగుణ నీళ్ళ చెంబు ఠపీమని కింద పెట్టింది. "మా ఆయన రక్తం ఏమన్న నల్లా నీళ్లా మేడం, మీరు పారబోసుకుంటే మల్ల తిప్పేటందుకు? పక్కకు తిరిగి పండుకోరాకుంట ఉన్నడు. ఇన్ని రోజులు మాత్రలు ఆపిందే మీ కోసం. ఆయనకు పనికి రానిదానికి ఇంకెన్నిసార్లు ఇయ్యాలె?"

ఆమె అన్నదానిలో ఒక్క మాట కూడా తప్పు లేదు. జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. సమ్మయ్య వైపు తిరిగాను. ఉప్పు ఎవరు వెయ్యమన్నారని కేకలేశాను. అతను తన కుల్ఫీ బండి ఐసులో వేసే దొడ్డుప్పు, అడగకుండానే రెండు దోసిళ్ళు నాకోసం వేశాడు. పాపం, మంచికే పోయాడు. అది తెలిసే అరుస్తున్నాను, తెలిసి కూడా ఆపుకోలేకపోయాను.

రాజేశం చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"మేడం, కార్ఖానల ఒక కాయిదా ఉంటది. పోగు తెగితే ఎవడు తెంపిండని అడుగుడు లేదు. అడుక్కుంట నిలబడితె మగ్గం ఆగుతది. ఎవలకు కండ్లవడితె వాళ్లే అతకాలె, పని నడవాలె. నీకు కండ్లవడ్డది, నువ్వు తిరిగొచ్చినవు. నేను చెయ్యి ఇస్త. గింతే. వాని మీద ఒర్రకు."

అని మాత్రను మళ్ళీ కాగితంలో చుట్టి సుగుణకు అందించబోయాడు. సుగుణ తీసుకోనని, ఇప్పుడే వేసుకోవాలని పట్టుబట్టింది. ఆయన బతిమాలలేదు, కసురుకోలేదు. కాగితం పట్టుకున్న చెయ్యి అలాగే చాపి ఉంచాడు. చివరికి ఆమె దాన్ని లాక్కుని దేవుడి పటం వెనక పెట్టింది. ఆ రాత్రి నన్ను పోనివ్వలేదు. తన పక్కనే చాప వేసింది గానీ పొద్దున దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లారి డాక్టరు రక్తం తీస్తుంటే నేను ఫ్లాస్కు ఒళ్ళోంచి దించలేదు. ఐసు సమ్మయ్యే తెచ్చాడు. ఈసారి గొట్టాలు ఐసుకు తగలకుండా మందంగా గుడ్డ చుట్టాలన్నాను. రాజేశం కార్ఖానాలో మిగిలిన తుండుముక్క తీసిచ్చాడు. డాక్టరు అటు వెళ్ళాడో లేదో సుగుణ పటం వెనకనుంచి మాత్ర తీసి, నా కళ్ళముందే ఆయన నోట్లో వేసింది. నన్ను చూసి, ఇక అడగడానికి రావద్దన్నట్టు తల ఊపింది. నేనూ తల ఊపాను.

తిరుగు బండిలో

సమ్మయ్య బొంబాయి దాకా నాతో వచ్చాడు. వద్దంటే వినలేదు. కుల్ఫీ బండి తమ్ముడి వరసవాడికి అప్పగించి, ఫ్లాస్కు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి కాసేపు ఆగిన చోటల్లా దిగి, కరిగిన నీళ్ళు ఒంపేసి, కొత్త ఐసు నింపేవాడు. నింపే ముందు ప్రతిసారీ ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించేవాడు. ఎందుకయ్యా అంటే, ఉప్పు లేదని చూసుకుంటున్నాడట. నిన్నటినుంచి మొదటిసారి నవ్వాను. అతను నవ్వలేదు.

వల్సాడ్ దాటాక మెల్లగా అడిగాడు, బావ బతుకుతాడా అని. మాత్రలతో కొన్నేళ్ళు బాగా ఉంటారన్నాను. ఆ తర్వాత? తర్వాతి సంగతి కోసమే ఈ పని అన్నాను. అతను ఫ్లాస్కును ఇంకొంచెం దగ్గరికి పొదువుకున్నాడు. బొంబాయిలో దాన్ని నా చేతికిచ్చేటప్పుడు మూత మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత దారంతా నేను నిద్రపోలేదు. ఎవరైనా ఫ్లాస్కు వైపు కాలు చాపితే వాళ్ళ పని పట్టాను.

హైదరాబాద్

స్టేషన్ నుంచి తిన్నగా లాబ్‌కే వెళ్ళాను. ఒక బొట్టు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. కణాలు గుండ్రంగా, నిండుగా, లెక్కలేనన్ని ఉన్నాయి. పగిలినవి ఎక్కడో ఒకటీ అరా. మా సారు చూసి, పక్కకు జరిగి, నా నెత్తి మీద మెల్లగా తట్టారు. ఆయన అలా తట్టడం అదే మొదలు.

ఆ తర్వాతి పని కొన్ని రోజులు పట్టింది. కణాల్లోని ప్రోటీన్లను విడదీసి, ఎలుకల రక్తంలోని యాంటీబాడీలను వాటిమీదికి వదిలి, ఫిలిం కడిగాం. చీకటి గదిలో, ఎర్రదీపం వెలుగులో, ఉండాల్సిన చోట ఒక నల్లటి గీత తేలింది. మా కోరలు పీకిన క్రిమి నేర్పిన పాఠం ఎలుకకు ఒంటబట్టింది. రాజేశం కణాల్లోని అతుకును అది పట్టుకుంది. చిన్న గీత. అది మందు కాదు, మందుకు దగ్గర కూడా కాదు. కానీ పని ఆగదు, ఆపుదామన్న మాట మా సారు మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రమే డిండోలిలో వాళ్ళ సందు చివరి ఫోను బూత్‌కు చేశాను. ముందు సుగుణ వచ్చింది. మాత్రలతో పొట్ట తగ్గిందని, పక్కకు తిరిగి పడుకుంటున్నాడని చెప్పింది. గొంతులో కోపం లేదు. మళ్ళీ వస్తారా అని అడగలేదు గానీ, పచ్చిపులుసు తినడానికైతే రావచ్చంది. తర్వాత రాజేశానికి ఇచ్చింది. వెనక మగ్గాల చప్పుడు.

"దొరికిందా మేడం, ఆ అతుకు?" అని అరిచి అడిగాడు.

"దొరికింది రాజేశం. మా ఎలుకలు గుర్తుపట్టాయి."

బతుకంతా తెగినవి అతికిన మనిషి.

"మంచిది," అన్నాడు. "ఇగ దాన్ని తెంపుండ్రి."